ఫోన్ లాక్కుంటే కంచం విసురుతున్నాడు

ప్రశ్న: మాది హన్మకొండ. మా అబ్బాయికి 16 ఏళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరంలో రెండు సబ్జెక్టులు తప్పినప్పటి నుంచి కాలేజీకి సరిగా వెళ్లడం లేదు. తెల్లవారుజాము దాకా ఫోన్ చూసి పగలంతా పడుకుంటున్నాడు. లాక్కుంటే కంచం విసిరేస్తున్నాడు. భయపడి తిరిగి ఇచ్చేస్తున్నాను. మా వారు భూపాలపల్లి సింగరేణిలో పని చేస్తారు. సెలవుకు వచ్చినప్పుడల్లా తిట్టి, మేనమామ కొడుకుతో పోల్చి వెళ్తారు. వాడిని మార్చేదెలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ లేఖలో నన్ను ఆపిన మాట ‘భయపడి తిరిగి ఇచ్చేస్తున్నాను’ అన్నది. ఏం చేస్తే కోరింది దొరుకుతుందో దాన్నే మళ్లీ చేయడం మనిషి స్వభావం. ఒకసారి దొరికి మరోసారి దొరక్కపోతే ఆ అలవాటు సడలకపోగా మరింత గట్టిపడుతుందని మనస్తత్వ శాస్త్రంలో ఎన్నో ప్రయోగాలు తేల్చాయి. కాబట్టి లాక్కోవడం, తిరిగి ఇవ్వడం రెండూ ఒకేసారి మానండి.

మీరూ మీ వారూ ముందుగా ఒక్క మాట మీదికి వచ్చి, గొడవ లేని ఒక సాయంత్రం అబ్బాయిని కూర్చోబెట్టుకొని, రాత్రి ఫలానా వేళకు ఇంట్లో అందరి ఫోన్లూ ముందు గదిలో ఛార్జింగ్‌కు పెట్టాలన్న ఒకే ఒక్క నియమం పెట్టుకోండి. అందరిలో మీ ఫోన్ కూడా ఉండాలి. వేళ ఎంతో అతన్నే చెప్పమనండి. పన్నెండు గంటలన్నా మొదటి వారానికి ఒప్పుకోండి, ఎందుకంటే తన నోట వచ్చిన వేళను నిలబెట్టుకోవాలని అతనికే అనిపిస్తుంది. మొదటి కొద్ది రోజులు కోపం ఇదివరకటి కంటే పెరగవచ్చు. అప్పుడు వాదించకండి, ఫోన్ ఇవ్వకండి. చేయి చేసుకునేలా ఉంటే మాత్రం అక్కడి నుంచి తప్పుకొని పెద్దవారి సాయం తీసుకోండి. మాట నిలబెట్టుకున్న రోజున ‘నిన్న చెప్పిన వేళకే పెట్టావు’ అని ఆ పనినే పేర్కొని మెచ్చుకోండి.

చదువును వదిలి నిద్రతో మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పైగా కౌమారంలో శరీర గడియారమే ఆలస్యంగా నడుస్తుంది కనుక దీన్నంతా బద్ధకం కింద కట్టడం అన్యాయం. నిద్ర చాలని పిల్లవాడికి కోపాన్ని అదుపు చేసుకోవడం పెద్దల కంటే కష్టం.

మీ వారికి నా మనవి ఒక్కటే: పోల్చడం పూర్తిగా మానాలి. కాలేజీ మానడం పరీక్ష తప్పిన తరువాతే మొదలైంది గనుక, తోటివారి ముందు తలెత్తుకోలేకపోవడమే అసలు బాధ కావచ్చు. సెలవు రోజున అబ్బాయిని భద్రకాళి బండ్ మీదికి తీసుకెళ్లి పక్కపక్కన నడవమనండి. ఎదురెదురుగా కూర్చుంటే పెగలని మాట నడకలో వస్తుంది. తప్పిన సబ్జెక్టులను రెండో సంవత్సరంలో కూడా రాసుకోవచ్చని తండ్రి నోట వింటే ఆ పిల్లవాడికి ఎంత ఊరటో ఊహించండి.

రెండు వారాలకు మించి ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయినా, తిండి తగ్గినా ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. బతకడం ఎందుకన్న మాట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు, ఒంటరిగా వదలవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ లక్షణాలేవీ లేకపోతే, నిద్ర కుదుటపడ్డాకే కాలేజీ మాట ఎత్తండి. అంతకు ముందే మీరు వెళ్లి, అతనికి కాస్త చనువున్న లెక్చరర్‌తో మాట్లాడి, వచ్చిన మొదటి రోజున తరగతిలో నిలదీయవద్దని కోరండి.