పాత ఇంజినుకి ఎంత పిచ్ ప్రొపెల్లర్ వెయ్యాలి: అల్లుడికి రాసిన ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను, ఫొటోలూ చూశాను. సెకండ్ హ్యాండ్‌లో 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ బోటు ఇంజిను కొన్నావు, బానే ఉంది, కానీ వలలు, ఐసు పెట్టె, నలుగురు మనుషులు ఎక్కేసరికి బోటు కదలనంటోంది, పొగ ఎక్కువొస్తోంది, అందరూ ఇంజిను సిలిండర్లు బోరు చేయించెయ్ అంటున్నారు అన్నావు. తొందరపడి డబ్బులు పొయ్యకు. నువ్వు పంపిన ఫొటోలో ప్రొపెల్లర్ మీద 9 1/4 x 12 అని కనపడుతోంది, నా అనుమానమంతా దాని మీదే.

మొదటి అంకె రెక్కల చుట్టుకొలత కాదురా, అడ్డకొలత. రెండోది పిచ్, అంటే నీళ్లు జారకుండా ఉంటే ప్రొపెల్లర్ ఒక చుట్టుకి ఎన్ని అంగుళాలు ముందుకెళ్తుందో ఆ లెక్క. 12 అనేది ఖాళీగా పరిగెత్తే చిన్న బోటుకి సరిపోతుంది, అమ్మినాయన అలాంటిదే నడిపుంటాడు. మన ఫైబర్ బోటు బరువుకి అది వేస్తే లోడు లారీని ఘాట్ రోడ్డులో టాప్ గేర్లో ఎక్కించినట్టే. ఫుల్ రేజ్ ఇచ్చినా ఆర్‌పీఎం, అంటే ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు, లేవదు, ఇంజిను మూలుగుతూ ఉంటుంది, వేడెక్కుతుంది, ప్లగ్గులు నల్లగా అయిపోతాయి, కార్బన్ పేరుకుంటుంది, ఆఖరికి పిస్టన్ పట్టేస్తుంది. పాత ఇంజిను అయితే ఇంకా తొందరగా.

అయినా ప్రొపెల్లర్ కొనేముందు ఇంజిను దాని పవర్ అది ఇస్తోందా లేదా చూసుకో, లేకపోతే జబ్బొకటి మందొకటి అవుతుంది. రెండు సిలిండర్లకీ కంప్రెషన్ గేజ్, అంటే లోపలి ఒత్తిడి కొలిచే మీటర్, పెట్టించు, రెండింటికీ తేడా పది శాతం దాటకూడదు. హ్యాండిల్ ఫుల్‌గా తిప్పినప్పుడు కార్బురేటర్ మూత నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా అని కవర్ తీసి కళ్లతో చూడు, పాత ఇంజిన్లలో కేబుల్ సాగిపోయి మూత ముప్పాతిక దగ్గరే ఆగిపోతుంది, ఎవరికీ తట్టదు. ఇప్పుడెలాగూ వేట నిషేధం, జూన్ 14 దాకా బోటు ఒడ్డునే కదా, అడుగున పాచి, చిప్పలు అన్నీ గీకించెయ్. ఇంజినుకి రెక్కల పైన ఉండే అడ్డ ప్లేటు బోటు అడుగుకి సమంగా గానీ ఓ అంగుళం కిందకి గానీ ఉండాలి, పైకి ఉంటే గాలి పీల్చి ప్రొపెల్లర్ ఊరికే తిరుగుతుంది, అప్పుడు నువ్వు ఏ పిచ్ వేసినా లెక్క తప్పే.

తర్వాత ఒక చిన్న ఆర్‌పీఎం మీటర్ కొను, వైరు ప్లగ్ వైరుకి చుట్టే రకం, పెద్ద ఖరీదేం కాదు. టూ స్ట్రోక్‌కి చుట్టుకొక స్పార్క్ అని సెట్ చేసుకో, లేకపోతే సగమో రెట్టింపో చూపించి నిన్ను తికమక పెడుతుంది. నిషేధం అయ్యాక వేటకెళ్లేటప్పుడు ఎంత బరువుంటుందో అంతా ఎక్కించుకునే వెళ్లు, ఖాళీ బోటుతో టెస్ట్ చేస్తే ఉపయోగం లేదు. ఇంజిను బాగా వేడెక్కాక, సముద్రం నెమ్మదిగా ఉన్న చోట, ఫుల్ రేజ్ ఇచ్చి మీటర్ నిలబడేదాకా ఉంచి చదువు, ఫోన్లో జీపీఎస్ స్పీడ్ కూడా రాసుకో. వెళ్లేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి చూసి సగటు తియ్యి, పోటు, గాలి మోసం చేస్తాయి.

నీ ఇంజిను రకానికి ఫుల్ రేజ్‌లో 4500 నుంచి 5500 మధ్య ఉండాలి, అయినా నీ ఇంజిను బుక్కులో ఏముందో అదే ఫైనల్. నా అంచనా, నీ 12 పిచ్‌తో 4200 దగ్గర ఆగిపోతుంది. పెద్ద ఇంజిన్లకి ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందంటారు, చిన్న ప్రొపెల్లర్లకి అంగుళం అంటే పెద్ద వాటా కాబట్టి ఇంకాస్త ఎక్కువే పెరుగుతుంది. అందుకే 9 వేసి చూడు, లోడుతో 5000 చుట్టుపక్కలకి రావాలి. పాత ఇంజినుకి నేనైతే ఎప్పుడూ కొంచెం తక్కువ పిచ్ వైపే మొగ్గుతాను, తేలిగ్గా తిరిగే ఇంజిను ఎక్కువకాలం బతుకుతుంది.

లెక్క కూడా చెప్తా, సరిచూసుకో. గేర్ రేషియో 2.08 అనుకో, అంటే ఇంజిను 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది, 5000 ని దాంతో భాగిస్తే ప్రొపెల్లర్ నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంది, 9 అంగుళాలంటే దాదాపు 23 సెంటీమీటర్లు, అంటే నీళ్లు జారకపోతే గంటకి 33 కిలోమీటర్లు. నీ ఫోన్ 22 చూపిస్తే మూడో వంతు జారిందన్నమాట, బరువు బోటుకి అది మామూలే, కంగారు పడకు. కానీ సగానికి సగం జారిపోతుంటే మాత్రం ప్రొపెల్లర్ లోపల రబ్బరు బుష్ చూడాలి. అది పాతబడి లోపల తిరిగిపోతుంటే ఇంజిను మాత్రం గోల పెడుతుంది, బోటు కదలదు. లోపలి గొట్టం మీద నుంచి బయటి బాడీ దాకా పెయింటుతో ఒక గీత గియ్యి, ఓ రౌండ్ కొట్టి రా, గీత విడిపోయి కనిపిస్తే బుష్ పోయినట్టే, దాంతో తీసిన ఆర్‌పీఎం లెక్కలన్నీ దండగే.

9 పిచ్‌తో ఖాళీగా వెనక్కొచ్చేటప్పుడు 5500 దాటుతుంటే రేజ్ తగ్గించి పట్టు, అంతే. రింగులకీ కనెక్టింగ్ రాడ్డుకీ ఎక్కువ తిప్పడం కూడా మంచిది కాదు.

కొనేటప్పుడు పాత ప్రొపెల్లర్ చేత్తో పట్టుకునే షాపుకెళ్లు, లోపలి పళ్లు లెక్కపెట్టి రెండూ ఒకటేనా చూసుకో, యమహా అయితే అంకెల చివర ఉండే అక్షరం కూడా కలవాలి. స్టీలు వద్దు, అల్యూమినియం చాలు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేట తగిలితే రెక్క వంగినా గేర్ బతుకుతుంది. మార్చేముందు ప్లగ్ వైర్లు పీకెయ్, ఇది మాత్రం మర్చిపోకు, చెయ్యి తగిలి ఇంజిను స్టార్టయితే వేళ్లు పోతాయి. ప్రొపెల్లర్ తీసినప్పుడు షాఫ్ట్ చుట్టూ వల దారం చుట్టుకుందేమో చూడు, అది సీలు కోసేస్తుంది, గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు దిగినట్టే, అదే రోజు సీలు మార్పించు. షాఫ్ట్ పళ్లకి గ్రీజు రాసి, వాషర్లు ఎలా వచ్చాయో అలాగే పెట్టి, నట్టు ఊడకుండా పట్టుకునే కాటర్ పిన్ను కొత్తది వెయ్యి. 12 ని అమ్మకు, గట్టి గుడ్డలో చుట్టి బోటులోనే పెట్టుకో, సముద్రంలో ఏదైనా జరిగితే నెమ్మదిగానైనా ఒడ్డుకి తెస్తుంది.

మీటర్ రీడింగులు వచ్చాక ఫోన్ చెయ్యి, లోడుతో ఎంత, ఖాళీగా ఎంత, రెండూ చెప్పు.

మీ మావయ్య