‘కంట్రోల్’ పక్కన ‘ఓవర్’ ఎప్పుడు?

ప్రశ్న: ‘యూ మస్ట్ కంట్రోల్ ఓవర్ యువర్ యాంగర్’ అని రాస్తే టీచర్ ‘ఓవర్’ కొట్టేశారు. పేపర్లలో ‘కంట్రోల్ ఓవర్’ కనిపిస్తూనే ఉంటుంది కదా, మరి ఏది ఒప్పు?

జవాబు: టీచర్ కొట్టేయడం సబబే, పేపర్లో వచ్చిందీ తప్పు కాదు. కంట్రోల్ క్రియగానూ నామవాచకంగానూ నడుస్తుంది. క్రియ అయితే కర్మ నేరుగా పక్కనే రావాలి, మధ్యలో ప్రిపొజిషన్ పనికిరాదు: ‘కంట్రోల్ యువర్ యాంగర్’. నామవాచకమైతే దాని ముందు సాధారణంగా హ్యావ్, లూజ్, గెయిన్, టేక్ వంటి వేరే క్రియ ఉంటుంది. ‘ఓవర్’కైనా ‘ఆఫ్’కైనా చోటు అక్కడే: ‘షి హాజ్ నో కంట్రోల్ ఓవర్ ద బడ్జెట్’, ‘హి లాస్ట్ కంట్రోల్ ఆఫ్ ద కార్’. బండి అదుపు తప్పిందని చెప్పేటప్పుడు ‘ఆఫ్’ వాడకమే ఎక్కువ.

ఈ తికమకకు మూలం మన తెలుగులోనే ఉంది. ‘కోపం కంట్రోల్ చేసుకో’ అన్నప్పుడు క్రియ పనంతా ‘చేసుకో’దే. ఆ అలవాటే ఇంగ్లిష్‌లోకి వెళ్లి ‘డూ కంట్రోల్’, ‘మేక్ కంట్రోల్’ అనిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ‘నవ్వొస్తుంటే కంట్రోల్ చేసుకోలేకపోయాను’ అంటే తెలుగులో నిక్షేపంగా ఉంటుంది. ‘ఐ కుడ్ నాట్ కంట్రోల్’ అని ఆపేస్తే మాత్రం దేన్ని అన్న ప్రశ్న మిగిలిపోతుంది. ‘మైసెల్ఫ్’ అనో ‘మై లాఫ్టర్’ అనో చేర్చి తీరాలి.

అన్నట్టు, ‘ద ఫైర్ ఈజ్ అండర్ కంట్రోల్’ అంటే మంటలు ఆరిపోయాయని కాదు, ఇక పాకకుండా కట్టడి అయ్యాయని. అనువాదాల్లో తరచూ తప్పుపోయే చోటిది.

ప్రశ్న: కంట్రోల్, కర్బ్, రిస్ట్రెయిన్ ఒకదాని బదులు ఒకటి వాడొచ్చా?

జవాబు: అన్నిచోట్లా కుదరదు. కంట్రోల్‌లో పెంచడం, తగ్గించడం, మళ్లించడం అన్నీ ఇమిడి ఉన్నాయి. అందుకే వాల్యూమ్‌ను కంట్రోల్ చేస్తాం, కర్బ్ చేయం. కర్బ్ అనేది పెరగకూడనిది పెరుగుతున్నప్పుడు వాడే మాట: ‘కర్బ్ ఇన్‌ఫ్లేషన్’, ‘కర్బ్ స్పెండింగ్’. గుర్రం దవడ కింద బిగించే గొలుసుకూ కర్బ్ అనే పేరు. రిస్ట్రెయిన్ అంటే చేయబోతున్న పనిని పట్టి ఆపడం. దాని తర్వాత ‘టు’ కాదు, ‘ఫ్రమ్’ పెట్టి క్రియకు ‘ఇంగ్’ చేర్చాలి: ‘షి రిస్ట్రెయిన్డ్ హిమ్ ఫ్రమ్ షౌటింగ్’.

ప్రశ్న: ‘కంట్రోల్డ్’లో ‘ఎల్’ ఒకటా, రెండా?

జవాబు: రెండు. నొక్కు చివరి సిలబుల్ మీద పడి, చివర ఒకే అచ్చు, ఒకే హల్లు ఉంటే ‘ఈడీ’, ‘ఇంగ్’, ‘ఈఆర్’ ముందు ఆ హల్లు రెట్టిస్తుంది. ‘ట్రావెల్’లో నొక్కు మొదట పడుతుంది కాబట్టి అమెరికన్లు ‘ట్రావెల్డ్’కు ఒక ‘ఎల్’తో సరిపెడతారు, బ్రిటిష్‌వాళ్లు అక్కడా రెండు రాస్తారు. కంట్రోల్ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. ‘కంట్రోల్స్’కు మాత్రం ఒకటే.