మైక్రోవేవ్ వాడేటప్పుడు నిజంగా దేనికి జాగ్రత్త పడాలి?

చంటిపిల్లాడున్న ఇంట్లో మైక్రోవేవ్ వాడొచ్చా, రేడియేషన్‌తో ఏమన్నా అవుతుందా అని అడిగారు. నిరభ్యంతరంగా వాడండి. మా ఇంట్లో పిల్లలు పుట్టకముందు నుంచీ ఉంది, ఇప్పటికీ రోజూ వాడతాం. నా అనుభవంలో తేలిందేమిటంటే, అందరూ భయపడేది రేడియేషన్‌కి, ఒళ్లు కాలేది మాత్రం వేడినీళ్లకీ ఆవిరికీ.

ముందు మీ భయం సంగతి చూద్దాం. ఓవెన్‌లో పుట్టేవి 2450 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు. ఇంట్లో వైఫై కూడా ఇంచుమించు అక్కడే పనిచేస్తుంది, కాకపోతే దాని శక్తి చాలా తక్కువ. ఎక్స్‌రేలు డీఎన్ఏని దెబ్బతీయగలవు, ఇవి అలా చేయవు. ఆహారంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి, అంతే. ఓవెన్ ఆగిన క్షణంలోనే తరంగాలూ ఆగిపోతాయి కాబట్టి పదార్థంలో ఏమీ మిగిలిపోదు. తలుపు అద్దం వెనక సన్నటి చిల్లుల జాలీ ఉంటుంది చూడండి. తరంగం పొడవేమో 12 సెంటీమీటర్లు, చిల్లేమో ఒకటి రెండు మిల్లీమీటర్లు. అందుకే వెలుతురు బయటికొస్తుంది గానీ మైక్రోవేవ్ రాదు. కాబట్టి మీరు కనిపెట్టుకుని ఉండాల్సింది తలుపునే. అది వంగినా, కీలు వదులైనా, అంచు పగిలినా, సరిగ్గా పడకపోయినా బాగు చేయించేదాకా ఓవెన్ ముట్టుకోకండి. తెరిచిన తలుపు మీద పిల్లలు వేలాడకుండా చూడండి. అంచుల్లో పేరుకున్న జిడ్డు తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. లోపల ఫోన్ పెట్టి రింగవుతుందేమో చూసే పరీక్ష కొందరు చెబుతారు, దాన్ని నమ్మొద్దు. ఫోన్‌కి అతి బలహీనమైన సిగ్నల్ అందినా మోగుతుంది, దాంతో లీకేజీ సంగతి తేలదు.

ఇక నేను కళ్లారా చూసిన ప్రమాదం. మా తమ్ముడు నున్నటి గాజు కప్పులో నీళ్లు పెట్టాడు. టైమ్ అయింది గానీ ఒక్క బుడగా రాలేదు. ఇంకా కాగలేదనుకుని మళ్లీ పెట్టాడు. తీసి కాఫీ పొడి వేశాడో లేదో, నీళ్లు బుస్సున పైకి లేచి ముంజేయంతా పడ్డాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలు. కప్పులో మిగిలినవి సగం కన్నా తక్కువే. నున్నటి శుభ్రమైన కప్పులో బుడగ పుట్టడానికి ఆధారం దొరకదు, అందుకని నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిశ్చలంగా ఉండిపోతాయి. చెంచా తగిలినా, పొడి పడినా ఒక్కసారిగా పొంగుతాయి. ఒకసారి కాచిన నీళ్లలో కరిగి ఉన్న గాలి పోతుంది కాబట్టి మళ్లీ పెట్టినప్పుడు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. అప్పటి నుంచి మా ఇంట్లో నీళ్లు పెడితే చెక్క చెంచా వేసే పెడతాం, ఆగాక అర నిమిషం తలుపు తీయం, కప్పు మీదికి మొహం వంచం.

మీ బాబు పాలసీసా మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టకండి. ఇది గట్టిగానే చెబుతున్నాను. వేడి అంతటా సమానంగా చేరదు. సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది, లోపల ఒకచోట పాలు నోరు కాలేంత వేడిగా ఉంటాయి. గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో సీసా నిలబెడితే సరిపోతుంది. తాగించేముందు మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుని చూడండి.

పెద్దవాళ్ల భోజనానికీ ఇదే చిక్కు, కాకపోతే తిరగేసి. అంచులు పొగలు కక్కుతుంటాయి, మధ్యలో చల్లగా ఉంటుంది, ఆ చల్లటి చోట సూక్ష్మజీవులు బతికే ఉంటాయి. గిన్నెలో కుప్పగా పోయకుండా పలచగా పరవండి, మధ్యలో ఆపి కలపండి, అయ్యాక రెండు నిమిషాలు అలాగే ఉంచండి. మిగిలిపోయిన వంటకం లోపలి దాకా 74 డిగ్రీలకు చేరాలి. ఫ్రీజర్లోంచి తీసిన వాటికి డీఫ్రాస్ట్ బటనే వాడండి. మంచుగడ్డ ఈ తరంగాలను సరిగా పీల్చుకోదు, కరిగిన నీరు బాగా పీల్చుకుంటుంది. పూర్తి శక్తి మీద పెడితే ఒక పక్క ఉడికిపోయి ఇంకో పక్క గడ్డగానే ఉంటుంది.

గిన్నెల విషయంలో నాకు పనికొచ్చిన పరీక్ష ఒకటుంది. అనుమానమున్న ఖాళీ గిన్నెనీ, దాని పక్కన కప్పుతో నీళ్లనీ పెట్టి ఒక నిమిషం తిప్పండి. గిన్నె వేడెక్కితే పనికిరాదు, చల్లగా ఉంటే ఫర్వాలేదు. బంగారు గీతలున్నవి, లోహపువి ఈ పరీక్షకు కూడా పెట్టొద్దు, నిప్పురవ్వలు వస్తాయి. మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ పళ్లేలు, గిన్నెలు వద్దు. ప్లాస్టిక్ డబ్బా మీద మైక్రోవేవ్ గుర్తున్నా నూనె ఎక్కువున్న కూరలకు నేను గాజుదే వాడతాను. మూత బిగించి పెట్టకండి, తీసేటప్పుడు మీకు అవతలి అంచు ముందు ఎత్తండి, ఆవిరి అటు పోతుంది. పెంకుతో గుడ్డు పెట్టనే కూడదు. పెంకు తీసిన ఉడికిన గుడ్డు కూడా వేడిచేశాక నోట్లో పేలొచ్చు.

వట్టి ఓవెన్ ఎప్పుడూ నడపకండి. లోపలి గోడకున్న అట్టలాంటి మైకా పలక మీద జిడ్డు మాడితే చిటపటమని రవ్వలు వస్తాయి. మాకూ వచ్చాయి, పలక మార్పిస్తే పోయాయి. ఏదన్నా అంటుకుంటే తలుపు తీయొద్దు, గాలి తగిలితే మంట పెరుగుతుంది. ఆపేసి, ప్లగ్ తీసి, ఆరేదాకా ఆగండి. ఓవెన్ విప్పి సొంతంగా బాగుచేసే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. లోపల కరెంటుని నిలవ ఉంచే కెపాసిటర్‌లో వేల వోల్టులుంటాయి, ప్లగ్ తీసేసినా ప్రాణం తీసేంత ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. ఆ పని తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి.