బీపీ ఉన్న నాన్నగారితో ఎండాకాలంలో ఏది మానిపించాలి: కొండల్లో నడకా, టీవీలో క్రికెట్టా?

మీ నాన్నగారికి 63 ఏళ్లు, బీపీ ఉంది, పొద్దున నడక, రాత్రి క్రికెట్ రెండూ మానరు, ఉత్కంఠకు గుండె ఏమవుతుందోనని భయంగా ఉందన్నారు. నాకు 61. ఊరూ అదే విశాఖ, జబ్బూ అదే, పట్టుదలా అదే. నన్ను పడగొట్టబోయింది మాత్రం క్రికెట్ కాదు.

2025 జూన్ 3, రోహిణి కార్తె. ఐపీఎల్ ఫైనల్ రోజు. ఉదయం నలుగురం ఊరి పక్కనున్న కంబాలకొండ అడవికి వెళ్లాం. జాతీయ రహదారి పక్కనే ఉన్నా, లోపలికి నడిస్తే లారీల మోత తగ్గి నెమళ్ల అరుపులు వినిపిస్తాయి. అయితే కొండల చాటున గాలి ఆడదు. మన ఊళ్లో ఎండ కన్నా ఉక్కపోతే ప్రమాదం. గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. నేను తాగింది మాత్రం రెండు గుక్కలు. నేను వేసుకునే బీపీ మాత్ర మూత్రం ఎక్కువగా పోయే రకం, దారిలో ఇబ్బంది ఎందుకని నా తెలివి.

తిరిగొస్తూ రోడ్డు పక్కన తాటి ముంజలు తిని అదే చాలనుకున్నాను. మధ్యాహ్నం మంచం దిగుతుంటే ఒక్కసారి తూలాను. మూత్రం ముదురు పసుపు రంగులో, కొంచెమే వచ్చింది. అప్పుడే అర్థం కావాల్సింది. మ్యాచ్ ధ్యాసలో పట్టించుకోలేదు.

రాత్రి పంజాబ్‌కు చివరి ఓవర్లో 29 పరుగులు కావాలి. శశాంక్ సింగ్ సిక్సర్లు బాదాడు కానీ బెంగళూరు 6 పరుగులతో గెలిచింది. 18 ఏళ్ల నిరీక్షణ తీరి కోహ్లీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వీధిలో టపాకాయల చప్పుడు విని చూద్దామని లేచాను. కళ్లు చీకట్లు కమ్మాయి. మా అబ్బాయి పట్టుకోకపోతే టీపాయి మీద పడేవాడిని. "వద్దంటే విన్నారా, ఆ మ్యాచే!" అని మా ఆవిడ. బీపీ పెరిగిందనే అందరూ అనుకున్నారు. మిషన్ పెడితే పై అంకె కూర్చున్నప్పుడు 112, నిలబడ్డాక 86.

మర్నాడు డాక్టరు విషయం తేల్చారు. చెమటతో నీళ్లూ లవణాలూ పోయాయి, మాత్ర మరికొంత లాగేసింది. లేచి నిలబడగానే పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే అది పట్టించుకోవాల్సిన సంగతి. ఆయన నాకు మోతాదు మార్చారు. నా కథ విని మీరు సొంతంగా మాత్ర ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం.

అలాగని మ్యాచ్ మీద మీ భయం ఉత్తిదేం కాదు. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగినప్పుడు, ఆ దేశ జట్టు ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు రోజులకన్నా 2.66 రెట్లు వచ్చాయి. ముందే గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. నాన్నగారికి ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, ఆయాసం వంటివి కనిపిస్తే స్కోరు చూస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి. అవేవీ లేకపోతే చూడనివ్వండి. కానీ ఆఖరి ఓవర్లో బీపీ మిషన్ మాత్రం పెట్టకండి, ఆ అంకె చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి కూర్చున్నాకే చూడాలి.

నేను జూన్‌లో కొండలు మానేశాను. తెల్లవారుజామున వాహనాలు ఆపే వేళలో బీచ్ రోడ్డు మీద నడుస్తాను, చేతిలో నీళ్ల సీసా ఉంటుంది. నాన్నగారి మాత్రల అట్ట వెనక హైడ్రోక్లోరోథయజైడ్ అనో, క్లోర్‌థాలిడోన్ అనో ఉందేమో చూడండి, అవి మూత్రం ఎక్కువగా పోయే రకం. ఉంటే ఈ వారమే వాళ్ల డాక్టరును కలిసి, ఎండల్లో నీళ్లు ఎంత తాగాలో, ఓఆర్‌ఎస్ తాగవచ్చో లేదో అడగండి. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి ఆ మాట ఆయన నోట వినడమే మంచిది.