అప్‌గ్రేడ్ తర్వాత మూగబోయిన కంప్యూటర్ గురించి మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 22.04 నుంచి 24.04కు మారాక నీ డెస్క్‌టాప్‌లో శబ్దం రావడం లేదని, సెట్టింగ్స్‌లో స్పీకర్ల పేరు ఉండవలసిన చోట ‘డమ్మీ అవుట్‌పుట్’ అని మాత్రమే కనిపిస్తోందని, ఇక అంతా తుడిచేసి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేద్దామనుకుంటున్నానని రాశావు. ఆ పని ఇప్పుడే చేయకు. నిన్నటి వరకు పలికిన సౌండ్ కార్డు సరిగ్గా అప్‌గ్రేడ్ చేసిన రాత్రే చెడిపోవడం చాలా అరుదు. కార్డుకూ నీ చెవికీ మధ్య ఉన్న సాఫ్ట్‌వేర్ అంచెల్లో ఏదో ఒకటి తెగి ఉంటుంది. ఏది తెగిందో తెలుసుకోకుండా మరమ్మతు మొదలుపెడితే బాగున్న అంచెలు కూడా పాడవుతాయి. అందుకే ఈ ఉత్తరంలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందుగా ఏం మారిందో చెబుతాను. అన్నిటికంటే అడుగున కెర్నెల్, అంటే పరికరాలను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, ఉంది. అందులో ఆల్సా అనే భాగం కార్డుతో నేరుగా వ్యవహరిస్తుంది. 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నెల్ నుంచి లినక్స్‌లో ఈ బాధ్యత దానిదే. దాని పైన సౌండ్ సర్వర్ ఉంటుంది. బ్రౌజరు, పాటల ప్లేయరు, వీడియో కాల్ పంపే శబ్దాలన్నిటినీ కలిపి కార్డుకు అందించడం దీని పని. ఉబుంటులో 2008 నాటి 8.04 నుంచి ఈ పనిని పల్స్‌ఆడియో చేసేది. తొలి ఏళ్లలో అది తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు గానీ, కాలక్రమంలో కుదురుకుంది. 2022 అక్టోబరులో వచ్చిన 22.10 నుంచి దాని స్థానంలోకి విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ వచ్చింది. నీవు మధ్య విడుదలలన్నిటినీ దాటేసి ఒక దీర్ఘకాలిక విడుదల నుంచి మరొక దానికి వెళ్లావు కనుక కెర్నెల్, సౌండ్ సర్వర్ రెండూ ఒకేసారి మారిపోయాయి. తప్పు రెండింటిలో దేనిలోనైనా ఉండవచ్చు. మేడ మీద కొళాయి రాకపోతే మోటారు ఆడుతోందా, ట్యాంకులో నీళ్లున్నాయా అని కింది నుంచి చూసుకుంటూ వస్తాము కదా, ఇక్కడా ఆ వరుస తప్పకూడదు.

ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో వెతికితే పల్స్‌ఆడియోను పూర్తిగా తొలగించి మళ్లీ వేయమనే సలహాలు కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో చాలావరకు పైప్‌వైర్ రాకముందు రాసినవి. ఒక ప్యాకేజీని, అంటే ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ మూటను, తొలగించమన్నప్పుడు దానిపై ఆధారపడినవి కూడా వెంట పోతాయి. డెస్క్‌టాప్‌కు అవసరమైనవి కూడా అందులో ఉండవచ్చు. తొలగించబోయే వాటి జాబితా టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) కనిపించినప్పుడు, దాన్ని చివరి వరకు చదవకుండా ‘వై’ నొక్కవద్దు. నిన్ను నీవు ఆడియో గ్రూపులో (సౌండ్ కార్డు వాడే అనుమతి ఉన్న ఖాతాల జాబితాలో) చేర్చుకోమనే సలహా కూడా పాతకాలపుదే. నేటి డెస్క్‌టాప్‌లో లాగిన్ అయిన మనిషికి ఆ అనుమతి దానంతట అదే వస్తుంది.

ఇక పని మొదలుపెట్టు. స్పీకర్ల తీగ క్యాబినెట్ వెనక ఉన్న ఆకుపచ్చ రంధ్రంలోనే ఉందో లేదో చూడు. చూశానని చెప్పినా మరొకసారి చూడు. తర్వాత టెర్మినల్ తెరిచి ఏప్లే అనే ఆదేశానికి హైఫన్, చిన్న ఎల్ అక్షరం చేర్చి ఇవ్వు. కెర్నెల్ గుర్తించిన కార్డుల జాబితా వస్తుంది. మన వెతుకులాట మొత్తానికి ఇదే కూడలి. జాబితాలో నీ కార్డు ఉంటే కెర్నెల్ తన వంతు చాలావరకు చేసినట్టే. అప్పుడు పైకి వెళ్లాలి. అసలు కార్డులే లేవని వస్తే పైప్‌వైర్‌ను ఎన్నిసార్లు పునఃప్రారంభించినా ఉపయోగం లేదు, కింది అంచెలోనే వెతకాలి.

కార్డు లేదన్న సందర్భాన్నే ముందు చూద్దాం. ఎల్ఎస్‌పీసీఐ ఆదేశానికి హైఫన్, కె అక్షరం చేర్చి ఇస్తే బోర్డు మీద ఉన్న పరికరాలు, ఒక్కొక్క దానిని నడుపుతున్న డ్రైవరు పేరు కనిపిస్తాయి. ఆడియో పరికరమే ఆ వరుసలో లేకపోతే బయోస్‌లో (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరిచే అమరికల్లో) ఆన్‌బోర్డ్ ఆడియో ఆపివేసి ఉందేమో చూడాలి. పరికరం ఉండి డ్రైవరు పేరు లేకపోతే, కంప్యూటరును మళ్లీ ప్రారంభిస్తూ గ్రబ్ మెనూ (ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే పట్టిక) తెప్పించి, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో పాత కెర్నెల్‌ను ఎంచుకో. పాతదానితో శబ్దం వచ్చిందంటే తప్పు ఎటు ఉందో తేలిపోతుంది, నీ రోజువారీ పని కూడా ఆగదు. అందుకే శబ్దం సమస్య తీరే వరకు అనవసర ప్యాకేజీలను ఊడ్చే ఆటోరిమూవ్ జోలికి పోవద్దు. అది పాత కెర్నెల్‌ను కూడా ఊడ్చేయవచ్చు.

కొత్త కెర్నెల్‌తోనే డ్రైవరు కనిపించకపోతే రెండు చోట్ల చూడాలి. ఉబుంటులో సౌండ్ డ్రైవర్లు ‘లినక్స్ మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా’ అనే వేరే ప్యాకేజీలో వస్తాయి. నీవు వాడుతున్న కెర్నెల్ సంఖ్యకు సరిపోయే ఆ ప్యాకేజీ ఉందో లేదో చూసుకో. రెండవది చాలామంది మరిచిపోయే చోటు. ఈటీసీ కింద మోడ్‌ప్రోబ్ డాట్ డి అనే ఫోల్డరులో, ఏళ్ల కిందట ఎవరో చెప్పారని చేర్చిన డ్రైవరు ఐచ్ఛికాలు, నిషేధపు పంక్తులు అప్‌గ్రేడ్ తర్వాత కూడా అలాగే మిగిలిపోతాయి. అప్పటి డ్రైవరుకు పనికొచ్చిన మాట ఇప్పటి డ్రైవరుకు అడ్డం కావచ్చు. అటువంటి పంక్తిని చెరిపివేయకుండా, దాని మొదట్లో హ్యాష్ గుర్తు (#) పెట్టి పనిచేయకుండా చేసి, కంప్యూటరును మళ్లీ ప్రారంభించి చూడు.

మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌ను కూడా 24.04కు మార్చబోతున్నానన్నావు గనుక ఒక మాట. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా మూతలోనే డిజిటల్ మైకు ఉన్నవాటిలో, శబ్దం ఒక ప్రత్యేక సిగ్నల్ ప్రాసెసర్ గుండా వెళుతుంది. దానికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్, కావాలి. ఉబుంటులో ఆ ప్యాకేజీ పేరు ఫర్మ్‌వేర్ సోఫ్ సైన్డ్. అది లేకపోతే కెర్నెల్ సందేశాల్లో ఫర్మ్‌వేర్ ఫైలు తెరవలేకపోయానన్న పంక్తి, దాని చివర మైనస్ 2 అనే దోష సంఖ్య కనిపిస్తాయి. ఫైలు దొరకలేదని దాని అర్థం. ప్యాకేజీ ఉన్నా పని చేయకపోతే, ఎస్ఎన్‌డీ ఇంటెల్ డీఎస్‌పీ సీఎఫ్‌జీ అనే మాడ్యూలుకు డీఎస్‌పీ డ్రైవర్ విలువను 1గా ఇచ్చి పాత పద్ధతి డ్రైవరును బలవంతాన ఎక్కించవచ్చు. అయితే స్పీకర్లు పలికినా ఆ డిజిటల్ మైకు పనిచేయదు. ఆన్‌లైన్ తరగతులు వినే పిల్లవాడికి అది సగం పరిష్కారమే.

ఇప్పుడు కార్డు కనిపిస్తోంది కానీ శబ్దం లేదు అనుకుందాం. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (శబ్ద స్థాయిల పట్టిక) తెరిచి, ఎఫ్6 నొక్కి, అసలు కార్డును ఎంచుకో. మొదట తెరుచుకునేది తరచుగా సౌండ్ సర్వర్ చూపించే ఒకే ఒక్క గీత, దాని మీద ఏమీ తేలదు. మాస్టర్, ఫ్రంట్, హెడ్‌ఫోన్ గీతల కింద ‘ఎంఎం’ అని ఉంటే ఆ మార్గం మూసి ఉందని అర్థం. ఎం నొక్కితే తెరుచుకుంటుంది. ‘ఆటో మ్యూట్’ అనేది ఉంటే దాన్ని ఆపి చూడు. ముందు రంధ్రంలో హెడ్‌ఫోన్ ఉందని కార్డు భ్రమపడితే వెనక స్పీకర్లను అదే ఆపేస్తుంది. ఆ తర్వాత స్పీకర్ టెస్ట్ ఆదేశంలో పరికరం పేరుగా ప్లగ్ హెచ్‌డబ్ల్యూ, కోలన్, ఏప్లే చూపిన కార్డు సంఖ్య ఇస్తే, శబ్దం సర్వరును తాకకుండా నేరుగా కార్డుకు వెళుతుంది. వచ్చేది బుస్సుమనే రొద మాత్రమే కనుక హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని చేయవద్దు. పరికరం పనిలో ఉందని సమాధానం వస్తే శబ్దం చేసే ప్రోగ్రాములన్నీ మూసి, కొద్ది క్షణాలు ఆగి మళ్లీ ఇవ్వు. రొద వినిపించిందా, కింది అంచెలన్నీ బాగున్నట్టే, తప్పు సర్వరుదే.

నీ విషయంలో తప్పు ఇక్కడే ఉండవచ్చని నా అనుమానం. పీఏసీటీఎల్ ఇన్ఫో అనే ఆదేశం ఇచ్చి, సర్వర్ నేమ్ పంక్తి చదువు. పల్స్‌ఆడియో పక్కన ‘ఆన్ పైప్‌వైర్’ అని ఉండాలి. వట్టి పల్స్‌ఆడియో అని ఉంటే పాత సర్వరు ఇంకా దిగిపోలేదన్నమాట. పైప్‌వైర్, పైప్‌వైర్ పల్స్, వైర్‌ప్లంబర్ అనే మూడూ నడుస్తున్నాయేమో సిస్టమ్ సీటీఎల్ అనే ఆదేశానికి ‘యూజర్’ అనే ఐచ్ఛికం చేర్చి చూడు. ఈ సేవలు నీ ఖాతా కింద నడుస్తాయి కనుక ఆదేశానికి ముందు సూడో (అడ్మిన్ అధికారంతో నడిపించే మాట) పెట్టకూడదు; సూడో పెట్టి, సేవ దొరకలేదన్న సమాధానం చూసి, ప్యాకేజీయే లేదనుకునేవారు చాలామంది. ఏ కార్డును ఎలా వాడాలో నిర్ణయించేది వైర్‌ప్లంబర్. 22.04లో ఆ పనికి ఉన్న పైప్‌వైర్ మీడియా సెషన్ ఇంకా మిగిలి ఉంటే దాన్ని తీసివేసి వైర్‌ప్లంబర్‌ను ఉంచు.

అన్నీ సవ్యంగా నడుస్తున్నా మౌనమే అయితే పావు కంట్రోల్ అనే శబ్ద నియంత్రణ ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసి, దాని కాన్ఫిగరేషన్ పుటలో కార్డు ప్రొఫైల్ చూడు. అది ‘ఆఫ్’లోనో, మానిటరుకు వెళ్లే హెచ్‌డీఎంఐలోనో ఉంటే ‘అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్’కు మార్చు. ఆ తర్వాత కూడా అనుమానం తీరకపోతే కొత్త యూజరు ఖాతా ఒకటి తెరిచి అందులో పాట పెట్టి చూడమంటాను. ఇంత తేలికైన పరీక్షను ఎందుకో ఎవరూ చేయరు. అక్కడ పాట వినిపిస్తే నీ హోమ్ ఫోల్డరులోని పాత అమరికలే కారణం. డాట్ లోకల్, స్టేట్ కింద ఉన్న వైర్‌ప్లంబర్ ఫోల్డరుకూ, ఒకప్పుడు చేత్తో రాసుకున్న డాట్ ఎసౌండ్ ఆర్‌సీ ఫైలుకూ పేరు మార్చి, లాగౌట్ చేసి మళ్లీ రా.

శబ్దం వచ్చి, ప్రతి పాట మొదట్లో ‘టప్పు’మంటే అది కార్డు విద్యుత్ పొదుపు వల్ల, డ్రైవరు ఐచ్ఛికాల్లో పవర్ సేవ్ విలువను సున్నా చేస్తే పోతుంది. అదే యంత్రంలో విండోస్ కూడా ఉంటే, అది వదిలిన స్థితి కార్డుకు అడ్డం కావచ్చు కనుక, దాన్ని పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి, కొద్దిసేపటి తర్వాత ఉబుంటును తెరిచి చూడడం కూడా ఒకసారి చేయి.

ఒకసారి ఒకే మార్పు చేసి, చేసినదాన్ని కాగితం మీద రాసుకో. ఇంతా చేసి ఫలితం లేకపోతే ఆల్సా ఇన్ఫో అనే స్క్రిప్టును నడిపి, అది తయారుచేసే ఫైలును నాకు పంపు. పాత కెర్నెల్‌తో శబ్దం వచ్చిందా లేదా, కొత్త ఖాతాలో వచ్చిందా లేదా అన్నవి కూడా అందులో రాయి. ఆ రెండు జవాబులు లేకుండా ఫైలు మాత్రం పంపితే నేను మళ్లీ అవే అడుగుతాను.

ఆశీస్సులతో,
మామయ్య