ఇద్దరి మధ్య ఏదో ఉందని చూసి చెప్పగలమా? నేను తప్పిన లెక్క

ఇద్దరు ఒకరినొకరు ఇష్టపడుతున్నారని వాళ్ల బాడీ లాంగ్వేజ్ చూసి బయటివాళ్లు కనిపెట్టగలరా అని అడిగారు. కొంతవరకు కనిపెట్టొచ్చు. నేనైతే మొదటిసారి ఘోరంగా తప్పాను.

అప్పట్లో మాదాపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మా టీమ్‌లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఎప్పుడూ కలిసే ఉండేవాళ్లు. ఒకరి బాక్సులోంచి ఒకరు తినడం, జోకు వేస్తే భుజం మీద ఒకటివ్వడం, ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకోవడం. ఇంకేం కావాలి? వీళ్లకి సెట్టయిందని నేనే నలుగురికీ చెప్పాను. ఆర్నెల్లకి టీమ్ గ్రూపులో పెళ్లి కార్డు వచ్చింది. అది వీళ్లది కాదు, మా టీమ్‌లోనే ఇంకో ఇద్దరిది. ఆ ఇద్దరికీ అసలు పడదేమో అనుకునేవాళ్లం!

కార్డు చూశాక ఆ పెళ్లి జంట గురించి ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. అతను అందరి డెస్కుల దగ్గరా ఆగి కబుర్లు చెప్పేవాడు, ఆమె డెస్కు దగ్గర మాత్రం నిలబడలేక ఐడీ కార్డు తాడు మెలిపెట్టేవాడు. మీటింగ్‌లో ఎవరైనా నవ్విస్తే మేమంతా ఆ జోకు వేసినవాడి వైపు చూసేవాళ్లం. ఆమె చూపు ముందు ఇతని మీద వాలి, వెంటనే ల్యాప్‌టాప్‌లోకి దిగిపోయేది. క్యాంటీన్‌లో అతని పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా వెళ్లి దూరంగా కూర్చునేది. ఎంత దూరమైనా అతను కనిపించే వైపే.

అన్నిటికన్నా పెద్ద ఆనవాలు మాటలో ఉంది. మొదట్లో ఇద్దరూ 'మీరు' అనుకునేవాళ్లు. కొన్నాళ్లకి 'మీరు' పోయింది కానీ 'నువ్వు' రాలేదు. "లంచ్ అయిందా?", "ఆ ఫైల్ పంపడం కుదురుతుందా?" అంటూ మనిషిని తగలకుండా మాట్లాడేవాళ్లు. మా నానమ్మ కూడా తాతయ్య పేరెత్తకుండా సంసారమంతా ఇలాగే నెట్టుకొచ్చింది. ఫోన్లో 'నువ్వు' అలవాటైన నోటికి మళ్లీ 'మీరు' ఎబ్బెట్టుగా ఉంటుంది, 'నువ్వు' అంటే దొరికిపోతారు. అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకునే ఆఫీసైతే ఈ ఆధారం దొరకదు, మీ ఖర్మ.

1970లో జిక్ రూబిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ప్రేమ జంటల్ని గమనించాడు. ప్రేమను కొలిచే ప్రశ్నల్లో ఎక్కువ మార్కులు వచ్చిన జంటలు ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువగా చూసుకున్నాయని తేల్చాడు. వాళ్లు అప్పటికే బాహాటంగా కలిసి తిరుగుతున్నవాళ్లు. ఇంట్లోవాళ్లు, కులం, హెచ్‌ఆర్ అని ఇన్ని భయాలున్న చోట కళ్లలోకి చూసుకునే ధైర్యం ఎవరికుంటుంది? ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త లెక్క ఇంకోటి ఉంది. మనిషికీ మనిషికీ మధ్య 45 సెంటీమీటర్ల లోపైతే అది బాగా దగ్గరివాళ్ల దూరమట. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఆ లెక్క వేస్తే ఊరంతా ప్రేమలో ఉన్నట్టే. చేతులు కట్టుకుంటే ఇష్టం లేనట్టు అని యూట్యూబ్‌లో చెబుతుంటారు, మా ఆఫీసు ఏసీకి అందరం చేతులు కట్టుకునే ఉండేవాళ్లం.

అందుకని ఇప్పుడు నేను చూసేది ఒకటే. ఆ మనిషి మిగతా అందరితో ఎలా ఉంటాడు, ఈ ఒక్కరి దగ్గర ఏం మారుతోంది? అందరి భుజం మీదా చెయ్యేసేవాడు ఈమె భుజం మీదా వేస్తే అందులో విశేషం లేదు. ఈమె దగ్గరే చెయ్యి వెనక్కి తీసుకున్నాడంటే ఆలోచించాలి.

ఇంతకీ నేను ముందు చెప్పిన జంట సంగతి. నేను పుట్టించిన పుకారు ఆ అమ్మాయి చెవిన పడింది. సారీ చెప్తే నవ్వి ఊరుకుంది కానీ ఇద్దరూ కలిసి తినడం మానేశారు. ఆ పెళ్లి భోజనాల్లో కూడా నాలుగు కుర్చీల ఎడంలో కూర్చుని, చూపు కలిస్తే తిప్పేసుకున్నారు. పైన నేను చెప్పిన గుర్తులు పట్టుకుని చూస్తే, ప్రేమలో ఉన్నట్టే ఉన్నారు.