సరిచేయమని ఇస్తే రూపం మార్చారు: పాత పెడల్ స్టీల్ గిటార్ యజమానికి చట్టం ఇచ్చే రక్షణ

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఉంటున్నాను. ఎమన్స్ కంపెనీ 1960లలో తయారుచేసిన రెండు నెక్‌ల పుష్‌-పుల్ పెడల్ స్టీల్ గిటార్ నా దగ్గర ఉంది. అడ్డంగా పెట్టి, పాదాలతో పెడళ్లు నొక్కుతూ తీగల శ్రుతి మార్చే వాద్యం అది; నెక్ అంటే తీగల వరస ఉన్న పట్టీ. వార్నిష్ లాంటి నల్లటి లాకర్ పూత, దాని మీద వయసుతో వచ్చిన సన్నటి పగుళ్లు, ముందు అంచున పాత యజమాని మణికట్టు రాసుకుని నునుపు తేలిన చోటు, ఇవన్నీ ఇంటికి వచ్చిన ప్రతివారికీ చూపించుకుని గర్వపడేవాణ్ణి. పెడల్ వదిలాక రెండు తీగలు తిరిగి సరైన శ్రుతికి రావడం లేదని ఒక మరమ్మతు షాపులో ఇచ్చాను. 450 డాలర్లని మాట అనుకున్నాం. ఆరు వారాల తర్వాత వెళ్లేసరికి పాత లాకర్ మొత్తం గీకేసి, అద్దంలా మెరిసే కొత్త పూత వేసి, తీగల నాదాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే రెండు పికప్‌లూ మార్చేసి, 2,900 డాలర్ల బిల్లు చేతిలో పెట్టారు. ఇదేమిటని అడిగితే ‘కొత్తదానిలా చేయమని మీరే మెసేజ్ పెట్టారు కదా’ అన్నారు. మొత్తం కట్టేవరకు గిటార్ ఇవ్వబోమంటున్నారు. బిల్లు ఇచ్చి 40 రోజులైంది. నేను ఆ డబ్బు కట్టాలా? నా మనస్తాపానికి పరిహారం వస్తుందా?

జవాబు: మీ ప్రశ్నలో రెండు వేర్వేరు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి. గిటార్‌ను తిరిగి చేతికి తెచ్చుకోవడం ఒకటి, దానికి జరిగిన నష్టం రాబట్టుకోవడం మరొకటి. మొదటిదానికి గడువు దగ్గరపడుతోంది కాబట్టి ముందుగా దాని గురించే చెబుతాను.

మరమ్మతు చేసిన వ్యక్తికి తన కూలి చెల్లించేవరకు ఆ వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కును టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 70వ అధ్యాయం ఇస్తోంది. అందువల్ల గిటార్‌ను షాపులో ఉంచుకోవడమే దొంగతనమని మీరు అనుకుంటే పొరపాటు. పోలీసుల దగ్గరకు వెళ్లినా ఇది సివిల్ తగాదా అని తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. అయితే ఆ హక్కు ఒప్పందం ప్రకారం రావలసిన సొమ్ము వరకే ఉంటుంది, సొమ్ము ముందుగా అనుకోకపోతే మామూలుగా ఆ పనికి తీసుకునే న్యాయమైన కూలి వరకే ఉంటుంది. మీ విషయంలో 450 డాలర్లని ముందే అనుకున్నారు కనుక, మీరు అడగని పని చేసి దానికి వేసిన బిల్లును అడ్డుపెట్టి గిటార్‌ను ఆపే అధికారం వారికి లేదన్నదే నా అభిప్రాయం.

అదే చట్టంలో మీరు గమనించవలసిన మరో నిబంధన ఉంది. బకాయి ఏర్పడిన తర్వాత 60 రోజులపాటు వస్తువు తమ దగ్గరే ఉంటే, షాపువారు మిమ్మల్ని సొమ్ము చెల్లించమని కోరాలి. ఆ కోరిక తర్వాత 11వ రోజు రాకముందే మీరు చెల్లించకపోతే, మరో 20 రోజుల నోటీసు ఇచ్చి దాన్ని బహిరంగంగా అమ్మివేయవచ్చు. మీకు ఇప్పటికే 40 రోజులు గడిచాయి. ‘వాళ్లే దిగివస్తారు’ అని కూర్చోవడానికి ఇది సమయం కాదు.

కాబట్టి ఈ వారంలోనే, చేరినట్టు రసీదు వచ్చే పోస్టులో ఒక లేఖ పంపండి. ఒప్పుకున్న 450 డాలర్లు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నారని, లాకర్ పనికి గానీ పికప్‌లకు గానీ మీరు అనుమతి ఇవ్వలేదని, ఫలానా తేదీలోగా గిటార్‌ను అప్పగించాలని అందులో రాయండి. వీలైతే ఆ సొమ్ముకు బ్యాంకు చెక్కు పట్టుకుని, ఒక సాక్షిని వెంటబెట్టుకుని మీరే స్వయంగా వెళ్లండి. న్యాయంగా రావలసిన సొమ్మును ఎదుట పెట్టినా నిరాకరించి వస్తువును పట్టి ఉంచితే, అప్పటినుంచి వారు పరాయి సొత్తును తమదిగా వాడుకున్నట్టు, అంటే చట్టం కన్వర్షన్ అని పిలిచే తప్పు చేసినట్టు వాదించడానికి మీకు గట్టి ఆధారం దొరుకుతుంది. గిటార్‌ను దాచేస్తారనో, అమ్మేస్తారనో, పాడుచేస్తారనో నమ్మడానికి కారణం కనిపిస్తే, దావా వేసి, తగిన బాండు (పూచీకత్తు) కట్టి, సీక్వెస్ట్రేషన్ రిట్, అంటే దావా తేలేదాకా వస్తువును స్వాధీనం చేసుకోమనే ఆదేశం కోరవచ్చు. కోర్టు మంజూరు చేస్తే గిటార్ షాపు చేతిలోంచి బయటపడుతుంది. ఇవన్నీ ఆలస్యమై, గిటార్ చేజారుతుందన్న భయం నిజంగా ఉంటే, మొత్తం సొమ్ము కట్టి తెచ్చుకోవడం కూడా తెలివితక్కువ పని కాదు; కానీ ‘గిటార్‌ను విడిపించుకోవడానికి మాత్రమే, నా అభ్యంతరానికి, హక్కులకు భంగం లేకుండా చెల్లిస్తున్నాను’ అని రసీదు మీద, విడిగా లేఖలోనూ రాయకుండా ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దు. నోరు మూసుకుని కట్టిన సొమ్మును తర్వాత వెనక్కి అడగడం చాలా కష్టం.

ఇక మీ మెసేజ్ విషయం. మీ కేసులో బలహీనమైన చోటు అదే కనుక దాచకుండా చెబుతున్నాను. ‘కొత్తదానిలా చేయండి’ అన్న మాటను విడిగా చదివితే షాపువారి వాదనకు కొంత ఊతం దొరుకుతుంది. కానీ ఒప్పందంలోని మాటను అది పుట్టిన సందర్భం నుంచి విడదీసి చదవకూడదు. ఆ మెసేజ్‌కు ముందు వారు మీకు ఏం రాశారు? పెడళ్ల గురించి, తీగలు వెనక్కి రాకపోవడం గురించి రాస్తే దానికి జవాబుగా మీరు ఆ మాట అన్నారా? అలాగైతే కొత్తదానిలా ‘పలకాలి’ అన్నదే దాని సహజమైన అర్థం. ఆ సంభాషణ మొత్తాన్ని, ముందూ వెనకా ఏదీ తీసేయకుండా, తేదీలతో సహా భద్రపరచండి. మీకు నచ్చని మెసేజ్‌లను కూడా చెరపవద్దు.

పని స్వభావం కూడా మీకే అనుకూలంగా ఉంది. వాద్యం తెలియని న్యాయమూర్తికి దీన్ని ఓపికగా వివరించవలసి ఉంటుంది. పెడల్ స్టీల్‌లో పాదం కింది పెడల్, మోకాలి పక్కనున్న లీవర్ కదిలితే, చెక్క పెట్టె కిందున్న కడ్డీల ద్వారా ఆ కదలిక తీగలను బిగించి, వదులుచేసే భాగమైన ఛేంజర్‌కు చేరి, ఆయా తీగల శ్రుతి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. మన గోటువాద్యంలో చేతి కింద జారే గమకంలో కొంత పనిని ఇక్కడ పాదమూ మోకాలూ పంచుకుంటాయన్నమాట. పుష్‌-పుల్ పద్ధతిలో శ్రుతి పెంచడానికి లాగే కడ్డీలు, తగ్గించడానికి నెట్టే కడ్డీలు ఉంటాయి. వాటిని సరిగ్గా కుదర్చడం ఓపికతో కూడిన పని అని ఈ వాద్యం వాయించేవారందరికీ తెలుసు. కానీ ఆ పనంతా పెట్టెను తలకిందులు చేసి, అడుగున చేసేది. పైనున్న లాకర్‌తో దానికి సంబంధమే లేదు. అదే లాకర్ గీకాలంటే నెక్‌లు, కీ హెడ్‌లు, ఛేంజర్లు, అడుగున అడ్డంగా ఉండే షాఫ్టులు, అన్నీ ఊడదీయాలి. ఒక మనిషి పరాయి వాద్యాన్ని చెక్క మిగిలేదాకా విప్పుతూ, ఇన్ని రోజుల్లో ఒక్కసారి ఫోన్ చేసి అడగడానికి తీరిక లేదని చెబితే, ఏ జ్యూరీ అయినా నమ్మడం కష్టం.

షాపు రసీదులో ‘అవసరమైతే అదనపు పని చేయవచ్చు’ అన్న వాక్యం చాలాచోట్ల అచ్చువేసి ఉంటుంది. మీరు సంతకం చేసిన కాగితంలో అది ఉందేమో చూడండి. ఉన్నా కంగారుపడవద్దు, ‘అవసరమైన’ అంటే ఒప్పుకున్న పని పూర్తి కావడానికి అవసరమైన పని అనే అర్థం చెప్పుకోవాలి. ఛేంజర్‌లో అరిగిన భాగం కనిపించి మార్చి ఉంటే ఆ మేరకు వారి వాదన నిలుస్తుంది. ‘మీ వస్తువును మెరుగుపరిచాం కనుక కూలి ఇవ్వాలి’ అన్న వాదన కూడా రావచ్చు. పని చేయించుకున్నవాడు దాన్ని అంగీకరించి స్వీకరించాడని, దానికి డబ్బు ఇవ్వాలని అతనికి తెలిసే పరిస్థితి ఉందని చూపితేనే అది నిలబడుతుంది. మీరు చూసిన క్షణమే అభ్యంతరం చెప్పారు.

బాగు చేయడానికి ఒకరి వస్తువు తీసుకున్నవారు దాన్ని తగిన జాగ్రత్తతో చూడాలన్నది బెయిల్‌మెంట్ సూత్రం. మంచి స్థితిలో ఇచ్చిన వస్తువు చెడి తిరిగి వస్తే, నిర్లక్ష్యం జరిగిందని మొదట భావించి, కాదని చూపే భారాన్ని తీసుకున్నవారి మీదే టెక్సస్ కోర్టులు పెడతాయి. కాబట్టి ఇచ్చే ముందు అది ఎలా ఉందో చూపించే ఫోటోలు మీకు ప్రాణం. గర్వంగా అందరికీ చూపించుకున్నానని రాశారు. ఆ సందర్భాల్లో తీసిన ఫోటోలు, అతిథుల ఫోన్లలో ఉన్నవి కూడా, ఇప్పుడు సేకరించండి. ఆ అలవాటు ఇలా అక్కరకు వస్తుందని మీరు ఊహించి ఉండరు.

పరిహారం లెక్క దగ్గరకు వస్తే మీ మనసుకు కొంత కష్టం కలిగే మాట చెప్పాలి. వస్తువుకు మార్కెట్ విలువ ఉన్నప్పుడు చట్టం మామూలుగా లెక్కించేది ఆ విలువలో వచ్చిన తేడానే, అంటే షాపులో ఇవ్వకముందు ఎంత, ఇప్పుడు ఎంత అన్నదే. అనుబంధానికి వెల కట్టడం అరుదు. 1963లో టెక్సస్ సుప్రీం కోర్టు, అగ్నిప్రమాదంలో కాలిపోయిన పెళ్లి ముసుగు, లేసు కాలర్ వంటి వంశపారంపర్య వస్తువుల విషయంలో అనుబంధపు విలువను లెక్కలోకి తీసుకోవచ్చని చెప్పింది. కానీ బజారులో వాటికి చెప్పుకోదగ్గ ధర లేకపోవడమే అందుకు ఆధారం. అదే కోర్టు 2013లో, పొరపాటున చంపబడిన పెంపుడు కుక్క విషయంలో యజమాని అనుబంధానికి పరిహారం నిరాకరించింది. పాత ఎమన్స్ గిటార్లకు కొనేవారు, అమ్మేవారు, తెలిసిన ధరలు ఉన్నాయి. అందువల్ల మీరు మొదటి కోవలోకి రారు. నాకు వ్యక్తిగతంగా ఈ తేడా అంత సబబుగా అనిపించదు. ఖరీదైన వస్తువు మీద ప్రేమ, ఖరీదు లేని వస్తువు మీది ప్రేమ కంటే తక్కువదేమీ కాదు. కానీ కోర్టులో నడిచేది అదే.

అయితే దీనికి మరో వైపు కూడా ఉంది. పాత వాద్యాలు కొనేవారు అసలు పూత, అసలు పికప్‌లు ఉన్నాయా అనే ముందుగా చూస్తారు. మీరు ముచ్చటపడిన ఆ పగుళ్లు, ఆ నునుపు తేలిన అంచు, అన్నీ మారకుండా ఉన్న వాద్యానికి సాక్ష్యాలు. కాబట్టి మీ గర్వానికి నేరుగా వెల రాకపోయినా, దానికి కారణమైన గుణాలకు బజారులో వెల ఉంది. టెక్సస్‌లో యజమాని తన వస్తువు మార్కెట్ విలువను తానే సాక్ష్యంగా చెప్పవచ్చు. కానీ ‘నాకు ఇది అమూల్యం’ అంటే ఆ సాక్ష్యం పనికిరాదు. ఫలానా స్థితిలో ఉన్న ఇలాంటి గిటార్ ఫలానా ధరకు అమ్ముడైంది, పూత మార్చినది ఇంతకు అమ్ముడైంది అని ఆధారాలతో చెప్పాలి. పాత స్టీల్ గిటార్లు కొనడం, అమ్మడం వృత్తిగా ఉన్నవారి దగ్గర ఒక లిఖిత అంచనా కూడా తీసుకోండి.

మనస్తాపానికి పరిహారం టెక్సస్ మోసపూరిత వ్యాపార పద్ధతుల చట్టం కింద, అవతలివారు తెలిసి తెలిసి తప్పు చేశారని రుజువైతే సాధ్యమే. ఆర్థిక నష్టానికి మూడు రెట్ల వరకు ఇచ్చే వీలు కూడా అందులోనే ఉంది. కానీ ఒప్పందాన్ని ఉల్లంఘించడం ఒక్కటే ఆ చట్టానికి సరిపోదు, మాయమాటలు చెప్పడమో, విషయం దాచిపెట్టడమో, ఆ చట్టం పట్టించుకునే మరో తప్పో చూపాలి. దావాకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆధారం లేని ఆరోపణ అని కోర్టు భావిస్తే అవతలివారి లాయరు ఫీజు మీ మీద పడుతుంది. మీరు రాసినంతవరకు చూస్తే, ఇది మోసం కంటే అడగకుండా చేసిన పెత్తనంలా కనిపిస్తోంది. ఆ వాదనను లాయరుకు కాగితాలు చూపించాకే నిర్ణయించుకోండి.

నష్టం 20,000 డాలర్లకు మించకపోతే చిన్న మొత్తాల తగాదాలు చూసే జస్టిస్ కోర్టులో వేయవచ్చు. అక్కడ సాక్ష్యాధారాల నియమాలు అంత కఠినంగా ఉండవు, లాయరు లేకుండానూ వాదించుకోవచ్చు. ఒప్పంద ఉల్లంఘనకు నాలుగేళ్లు, నిర్లక్ష్యానికి, కన్వర్షన్‌కు రెండేళ్లు గడువు ఉంది.

మరొక విషయం మీరు అడగలేదు, అయినా రాస్తున్నాను. తీసేసిన పాత పికప్‌లు మీ సొత్తు. వాటిని, వాటి స్క్రూలతో సహా, అప్పగించాలని లేఖలో విడిగా అడగండి; లేకపోతే ‘పారేశాం’ అన్న జవాబు వస్తుంది, వస్తే అదీ రాతపూర్వకంగా రాబట్టండి. గిటార్ చేతికి వచ్చాక, కొత్త పూత తీయించి మళ్లీ నల్ల లాకర్ వేయించాలన్న తొందర మీకు తప్పక కలుగుతుంది. అంచనా వేసేవారు చూసి, అన్ని వైపుల నుంచీ, అడుగున కడ్డీల దగ్గర కూడా ఫోటోలు తీసేవరకు దాని మీద గుడ్డ పెట్టి తుడవడం తప్ప మరేమీ చేయించవద్దు.